నలభై అడుగులూ ఎవరివి?

“అమ్మా, నాన్న పడినప్పుడు నువ్వెక్కడున్నావు?”

పెద్దమ్మాయి ఈ మాట అడగడం పొద్దుట్నుంచి నాలుగోసారి. ఆవిడ హైస్కూల్లో హెడ్‌మిస్ట్రెస్. పిల్లలైతే మూడోసారికే తలదించుకుని ఒప్పేసుకుంటారు. తల్లి మాత్రం ఔననదు, కాదనదు. మంచం మీద చొక్కాలు పరుచుకుని, ఆసుపత్రి సంచీలో పెట్టడానికి ఒక్కొక్కటీ మడతపెడుతోంది. మడిచినదాన్నే విప్పి మళ్ళీ మడుస్తోంది.

“నాన్న ఒక్కరే లేచారట. ఒక్కరే నడవబోయారట. పడి తుంటి విరగ్గొట్టుకున్నారట. ఇంట్లో నువ్వుండగా ఇదంతా ఎలా జరిగిందమ్మా?”

“నీలం చొక్కా పెట్టనా, తెల్లది పెట్టనా?” అంది తల్లి.

“చొక్కాల సంగతి నేనడిగానా?”

“ఆయనకి తెల్లదైతే మాసిపోతుందని.”

గుమ్మంలో నిలబడి ఉన్న కోడలు ఫ్లాస్కు మూత బిగిస్తోంది. ఎప్పుడో బిగిసిపోయిన మూత అది. ఆడపడుచు వేసే ప్రశ్న ప్రతిసారీ అత్తగారి పక్కనించి దూసుకొచ్చి తనకే తగులుతోంది. నిన్న సాయంత్రం ఆసుపత్రిలో ఎక్స్‌రే చూసిన క్షణం నుంచీ ఆ అమ్మాయిది ఒకటే ఆలోచన. మావయ్య లేచారు. ఎందుకు లేచారు? నడవగలనని నమ్మి. ఆ నమ్మకం కలిగించింది ఎవరు? ఇంకెవరు, తనే.

ఆ అమ్మాయి పనే మనుషుల్ని నడిపించడం. పక్షవాతం వచ్చినవాళ్ళకి నడక నేర్పే సెంటర్లో ఫిజియోథెరపిస్టు. అక్కడ రోబో కాళ్ళున్నాయి. నడుముకీ తొడలకీ చీలమండలకీ పట్టీలు బిగించి, మనిషిని పైనుంచి జీను కట్టి నిలబెడితే, కింద బెల్టు కదులుతుంటే ఆ ఇనపకాళ్ళు మన కాళ్ళని పట్టుకుని అడుగు తర్వాత అడుగు వేయిస్తాయి. మర ఎంత బలం పెట్టాలో, మనిషికి ఎంత వదిలిపెట్టాలో ఆ పక్కనున్న తెర మీద అంకె వేసి చెప్పొచ్చు. ఆ తెర కనిపించేది నడిపించేవాళ్ళకే, నడిచేవాళ్ళకి కాదు.

‘సొంతవాళ్ళ కాళ్ళు పక్కవాళ్ళ చేతికి’ అని ఆ సెంటర్లో చేరినవాళ్ళకి మొదటిరోజే చెప్తారు. అయినవాళ్ళయితే చెయ్యి మెత్తబడుతుందని. రెండు నెలల కిందట మావయ్యకి ఎడమ పక్క పడిపోయినప్పుడు ఈ అమ్మాయే సెంటర్ నడిపే పెద్దాయన గదికెళ్ళి, బతిమాలి, బామాలి, ఆ నియమాన్ని పక్కన పెట్టించుకుంది. మా మావయ్యని నాకంటే జాగ్రత్తగా ఎవరు చూస్తారు సార్ అంది. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని మన పెద్దవాళ్ళు ఊరికే అన్నారా.

ఫోన్ మోగింది. ఆసుపత్రిలో తండ్రి దగ్గరున్న కొడుకు. పెద్దమ్మాయి స్పీకర్ నొక్కింది.

“అక్కా, మధ్యాహ్నం ఆపరేషన్. రోబో చేత్తో చేస్తారట. డాక్టరమ్మ ఒక సంగతి అడుగుతోంది. పడకముందు నాన్న సొంత బలంతో ఎంత నడిచేవారో పదకొండు లోపల చెప్పాలట. సెంటర్ వాళ్ళ సంతకంతో కావాలట. దాన్నిబట్టే తుంటికి ఏ రకం కీలు వెయ్యాలో చూస్తారట.”

“అందులో చూడాల్సిందేముంది? నలభై అడుగులు. నూటికి తొంభై నాన్న సొంత బలమే. నీ పెళ్ళాం ఇక్కడే ఉంది, సంతకం పెట్టి పట్టుకొస్తుంది.” పెద్దమ్మాయి ఫోన్ పెట్టేసి మరదలి వైపు తిరిగింది. “అంతేగా?”

కోడలు ఫ్లాస్కుని బల్ల మీద పెట్టింది.

“ఆ తొంభై మావయ్యది కాదు వదినా.”

“మరెవరిది?”

“మెషిన్‌ది. మావయ్యది పది.”

పక్కింట్లో ఎవరో మేకు కొడుతున్నారు. 

“మళ్ళీ చెప్పు,” అంది పెద్దమ్మాయి. ఈసారి హెడ్‌మిస్ట్రెస్ గొంతు కాదు.

చెప్పింది. మొదటి వారం మర బలం తొంభై దగ్గరే మొదలుపెట్టింది, అందరికీ అంతే. రెండో వారం ఒకరోజు అరవైకి తగ్గించింది. ఎడమ కాలు సగంలో ఆగిపోయింది. మర కూడా ఆగిపోయింది. దుకాణంలో బొమ్మకి తగిలించిన కోటులా మావయ్య ఆ పట్టీల్లో వేలాడుతూ ఉండిపోయారు. ముప్పై అయిదేళ్ళు టైలరు మాస్టారుగా పదిమందికి పని నేర్పినాయన, కాలు కదలని ఆ నిమిషంలో పసిపిల్లాడిలా ఏడ్చారు. కోడలు చూస్తోందని మొహం దాచుకోవడానికి కూడా ఆయనకి చెయ్యి రాలేదు, ఎడమది లేవదు, కుడిది కడ్డీ పట్టుకుని ఉంది.

“వెంటనే తొంభైకి పెంచేశాను. అడుగులు పడ్డాయి. నేనే వేస్తున్నానా అమ్మా అని అడిగారు. మీరే మావయ్యా అన్నాను. ఇంటికొచ్చాక అత్తయ్య కూడా అడిగారు. నలభై అడుగులు, నూటికి తొంభై ఆయన సొంతం అన్నాను. అత్తయ్య నవ్వారు. మావయ్యకి పక్షవాతం వచ్చాక మొదటిసారి నవ్వారు. ఇంక మర్నాడు వేరేలా ఎలా చెప్పను?”

అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు. ఈ అబద్ధం మరీ అంత బాగా అతికిపోతుందని ఆ అమ్మాయి కూడా అనుకోలేదు.

“నిన్ను నడిపించమని పంపించారు,” అంది పెద్దమ్మాయి. “నమ్మించమని ఎవరు చెప్పారు?”

“ఆయన ఏడ్చారు వదినా.”

“ఏడిస్తే? మా బళ్ళో పిల్లలు ఏడుస్తున్నారని అందరికీ నూటికి తొంభై వేసి పంపించెయ్యనా? పై క్లాసుకెళ్ళి వాడేం కావాలి?”

“నిజమే.”

“నిజమే అంటే సరిపోతుందా? కాళ్ళు రాని మనిషికి వచ్చేశాయి వచ్చేశాయి అని రోజూ చెప్తే లేచి నడవక ఏం చేస్తారు? తుంటి ఎముక. ఈ వయసులో. పక్షవాతం మీద.”

“అదే నేనూ అంటున్నాను. మావయ్యని పడేసింది నేనే. మీరు పొద్దుట్నుంచి అత్తయ్యని అంటున్నారు, ఆవిడ పడుతున్నారు. నేను నోరు మూసుకుని వింటున్నాను. ఆవిడ తప్పేం లేదు. నన్ననండి.”

అనడానికి పెద్దమ్మాయి సిద్ధంగానే ఉంది. కానీ అప్పుడే తల్లి చేతిలో చొక్కా కింద పడింది. ఆవిడ దాన్ని తియ్యలేదు.

“పదేనా?” అంది అత్తగారు.

“అవునత్తయ్యా.”

“నూటికి పది. అంటే, ఆ నలభై అడుగులూ ఆయనవి కావు.”

“కావు.”

“అయితే ఆయన నాటకం ఆడలేదా?”

ఇద్దరూ అటు తిరిగారు.  అత్తగారు మంచం పట్టె పట్టుకుని మెల్లగా కూర్చుంది.

“ఏం నాటకమమ్మా?”

“అక్కడ నలభై అడుగులు వేసే మనిషి ఇక్కడ బాత్‌రూమ్ దాకా రాలేనంటారు. కాలు రావట్లేదే అంటారు. రోజూ అదే మాట. నేనేమనుకోవాలి?” ఆవిడ ఎవరి వంకా చూడట్లేదు. “కాపురానికొచ్చిన దగ్గర్నుంచీ కూర్చున్న చోటికే అన్నీ అందించాను. కుట్టుమిషన్ మీంచి లేవకుండా ఒక్క కేక వేసేవారు, మంచినీళ్ళూ అని. కూజా ఆయనకి రెండు బారల దూరంలో ఉండేది. ఇప్పుడూ అదే అనుకున్నాను. చేయించుకోవడానికి అలవాటు పడ్డారు, కోడలి ముందు నడుస్తారు, పెళ్ళాం ముందు నడవరు అనుకున్నాను.”

“అమ్మా.”

“నా నడుము పోయింది. మీకెవరికీ చెప్పలేదు. నిన్న మంచం మీంచి లేపి నిలబెట్టాను. నా భుజం మీద చెయ్యి వేశారు. బరువంతా నా మీదే. కాలు రావట్లేదే అన్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. సెంటర్లో నలభై వేసేవాళ్ళు ఇక్కడ నాలుగు వెయ్యలేరా, చాల్లెండి నాటకం అన్నాను. అనేసి భుజం తీసేశాను.”

పెద్దమ్మాయి పొద్దుట్నుంచి నాలుగుసార్లు అడిగిన ప్రశ్నకి జవాబు దొరికింది. దొరక్కుండా ఉంటే బాగుండేదని ఆవిడ మొహమే చెప్తోంది.

“వదిలేశావా?”

“వదిలేసి వంటింట్లోకి వెళ్ళిపోయాను. పిలిచినా వినపడకూడదని కుళాయి తిప్పేశాను.”

కోడలు గోడకి చేరగిలబడింది. ఇంతవరకూ ఆ అమ్మాయికి ఒకటే లెక్క. తన అబద్ధం ఒక మనిషి చెవిలో పడింది, ఆ మనిషి లేచి పడ్డాడు. అదే అబద్ధం ఇంకో చెవిలో కూడా పడిందని, రోజూ ఇంటికొచ్చి నవ్వుతూ తనే పోసిందని ఇప్పుడు తెలిసింది. అత్తగారి మనసులో అది ధైర్యంగా మారలేదు. ముప్పై ఎనిమిదేళ్ళ కాపురంలో దాచుకున్న కోపానికి సాక్ష్యమైంది.

“మరి నాన్న తనే లేచానని అందరికీ ఎందుకు చెప్పారు?” అంది పెద్దమ్మాయి, గాలిని అడిగినట్టు.

అత్తగారు వంగి చొక్కా తీసి, దులిపి, సంచీలో పెట్టింది. నీలం చొక్కాయే.

*

ఆసుపత్రికి వెళ్ళేసరికి పదిన్నర దాటింది.  దారిలో పెద్దమ్మాయి ఒకసారి తల్లి ఒళ్ళో ఉన్న సంచీ తీసుకుని తన ఒళ్ళో పెట్టుకుంది. అది క్షమించడమో, కోపమో తెలియలేదు.

ఆపరేషన్‌కి ముందు ఉంచే గదిలో మాస్టారు వెల్లకిలా పడుకుని ఉన్నారు. ఎడమ కాలికి బరువు కట్టారు. కొడుకు పక్కన నిలబడి ఉన్నాడు. గోడకున్న అద్దంలోంచి అవతలి గది కనిపిస్తోంది. అక్కడ ఒక పొడవాటి రోబో చెయ్యి, మీద ప్లాస్టిక్ తొడుగు వేసుకుని, ఎవరూ ముట్టుకోకుండానే నెమ్మదిగా పైకి లేచి, పక్కకి తిరిగి, ఆగుతోంది. టెక్నీషియన్ దాన్ని సరిచూస్తున్నాడు.

డాక్టరమ్మ పొట్టిగా, చురుగ్గా ఉంది. కళ్ళజోడు నెత్తిన పెట్టుకుని దానికోసం జేబులు వెతుక్కుంటోంది. దొరికాక మొదలుపెట్టింది.

“చూడండి, ఆ చెయ్యి నన్ను గీత దాటనివ్వదు. నేను పొరపాటున వెంట్రుకంత పక్కకి జరిగినా ఆపేస్తుంది. మాస్టారి ఎముక కొలతలన్నీ దానికి తెలుసు. కానీ కండలో ఎంత బలముందో దానికి తెలీదు. విరిగిన కాలు కదిపి చూడలేను కాబట్టి నాకూ తెలీదు. అది మీరు చెప్పాలి.”

“చెప్తే ఏం మారుతుంది డాక్టర్?” అన్నాడు కొడుకు.

“బలముంటే మామూలు కీలు వేస్తాను. కాలు బాగా వంగుతుంది, కుట్టుమిషన్ కూడా తొక్కొచ్చు. బలం లేని కాలికి అది వేస్తే జారిపోతుంది, మళ్ళీ కొయ్యాలి. బలం లేదంటే బిగింపు కీలు. అది జారదు. కానీ అంత వంగదు. మిషన్ సంగతి మర్చిపోవాలి. ఒకటి వేశాక ఇంకోటి మార్చడం ఈయన ఒంటికి మంచిది కాదు.”

“మామూలుదే వెయ్యండి,” అన్నారు మాస్టారు. గొంతు నీరసంగా ఉన్నా ధీమా ఉంది. “నేను నలభై అడుగులు వేస్తానండీ. మా కోడలే నడిపిస్తుంది. చెప్పమ్మా.”

ఆయన తల తిప్పి కోడలి వైపు చూశారు. తన పనితనం గురించి పదిమందిలో ఎవరైనా చెప్పబోతుంటే మనుషులు చూస్తారే, ఆ చూపు.

కోడలు తన సంచీలోంచి సెంటర్ కాగితం తీసింది. దాని మీద సంతకం ఉంది. వచ్చే దారిలోనే పెట్టింది, పేరు వంకరపోయింది. ఈ కాగితం రేపు సెంటర్లో పెద్దాయన బల్ల మీదకి వెళ్తే ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలీదు. అది కాదు ఇప్పుడు ఆ అమ్మాయిని ఆపుతున్నది. ఆయన చూపు.

“నలభై అడుగులు నిజమే డాక్టర్ గారూ. కానీ నూటికి తొంభై మెషిన్ బలం. మావయ్యది పది. నేను ఇంట్లో తప్పు చెప్పాను.”

డాక్టరమ్మ కాగితం తీసుకుని చదివింది. మాస్టారు కుడిచేత్తో దుప్పటి అంచు వెతుక్కుని, ఆ కుట్టు మీద బొటనవేలు నడిపిస్తున్నారు. 

“నలభై అడుగులూ నావి కావా?” అన్నారు.

“కావు మావయ్యా.”

“ఒక్కటి కూడానా?”

కోడలు ఏడ్చేసింది. ఓదార్చడానికి ఎవరికీ చేతులు రాలేదు.

అత్తగారు ముందుకి వచ్చింది. “డాక్టరు గారూ, ఇంకో సంగతి కూడా రాసుకోండి. ఆయన తనంతట తను లేవలేదు. నేను లేపాను. లేపి, వదిలేశాను.”

“నిన్నెవరడిగారు?” అన్నారు మాస్టారు కటువుగా.

“అడక్కపోయినా చెప్పాలి.”

“నోర్ముయ్యి. నేనే లేచాను.”

“ఎవర్ని కాపాడుతున్నారు? నన్నా? నాకొద్దు. నా భుజం లేకపోతే మీరు మంచం దిగలేరు. అది నాకు తెలిసే తీసేశాను. తెలీదనుకున్నాను, తెలుసు.”

కొడుకు తల్లి వైపూ అక్క వైపూ చూశాడు. వాడికి ఇంకా ఏమీ తెలీదు పాపం, బరువు కట్టిన కాలొక్కటే తెలుసు. పెద్దమ్మాయి వాడి చెయ్యి పట్టుకుని ఆపింది.

మాస్టారు కళ్ళు మూసుకున్నారు. మళ్ళీ తెరిచినప్పుడు కోడలి వంక చూశారు, భార్య వంక కాదు.

“సరే. నలభై ఆ మరవి. ఒప్పుకున్నాను. మరి నిన్నటివి ఎవరివి?”

“ఏమిటి మావయ్యా?”

“వదిలేసింది. నిజమే. వదిలేశాక నేను పడలేదు. నిలబడ్డాను. నాలుగడుగులు వేశాను. నాలుగో దాని మీద పడ్డాను. ఆ గదిలో రోబో లేదు. ఈవిడ భుజం కూడా లేదు. అవెవరివో చెప్పు.”

 డాక్టరమ్మ కాగితం మీంచి తలెత్తింది. కళ్ళజోడు మళ్ళీ నెత్తిమీదకి వెళ్ళింది.

“అమ్మా, మీరు చెప్పండి,” అంది కోడలితో. “నూటికి పది బలమున్న మనిషి ఏ ఆధారమూ లేకుండా నాలుగడుగులు వెయ్యగలడా?”

“నూటికి పదే అయితే వెయ్యలేరు.”

“అయితే ఈయన చెప్పేది?”

కోడలు డాక్టరమ్మ చేతిలోని కాగితం వైపు చూసింది.

“అరవైకి తగ్గిస్తే ఆగిపోయారని రాసి ఉంది. అది రెండో వారం. ఆ తర్వాత మళ్ళీ ఎప్పుడు తగ్గించి చూశారు?”

“చూడలేదు.”

“ఇన్ని వారాల్లో ఒక్కసారి కూడా?”

“మళ్ళీ ఏడుస్తారని.”

చెప్తున్నప్పుడే ఆ అమ్మాయికి తెలిసిపోయింది.  పది అనేది ఆయన దగ్గరున్న బలం కాదు. తను ఆయనకి వదిలిపెట్టిన చోటు. మీరే నడుస్తున్నారు మావయ్యా అని రోజూ చెప్పిన తను, ఆ మాట ఒక్కరోజు కూడా నమ్మలేదు. నమ్మి ఉంటే యాభైకి తగ్గించి చూసేది, నలభైకి తగ్గించి చూసేది. ఆయనలో పదే ఉందో యాభై ఉందో ఈ ప్రపంచంలో తెలిసుండాల్సింది తనకే. తనకే తెలీదు.

“నాకు తెలీదు డాక్టర్ గారూ. నా దగ్గర ఉన్న అంకె అబద్ధం కాదు. కానీ అది మావయ్యది కాదు.”

పదకొండుకి అయిదు నిమిషాలుంది. అద్దం అవతల రోబో చెయ్యి పని ముగించుకుని ఒక పక్కకి ఒదిగి నిలబడింది. డాక్టరమ్మ కలం తీసింది. కాగితం మీద రెండు గళ్ళున్నాయి. మామూలుది, బిగింపుది. కలం రెండిటి మధ్యా ఆగింది.

“మనిషి పడేముందు మాట వేరు, పడ్డాక మాట వేరు,” అందావిడ మెత్తగా. “మాస్టారూ, మీరు అబద్ధం చెప్తున్నారని అనట్లేదు. కానీ ఇంకొకరి నోటితో కూడా వింటే నాకు ధైర్యంగా ఉంటుంది.” అత్తగారి వైపు తిరిగింది. “ఆ టైముకి అక్కడున్నది మీరొక్కరే. ఈయన నాలుగడుగులు వేశారా?”

అత్తగారు మొగుడి మొహం చూసింది. ఔనంటే ఆయన మళ్ళీ మిషన్ తొక్కొచ్చు. ఔనన్నది అబద్ధమైతే ఆ కీలు జారి మళ్ళీ ఇదే గదికి రావచ్చు. కాదంటే ఆయన ఇంక జన్మలో మిషన్ ఎక్కరు. ఈ ఇంటి ఆడవాళ్ళు ఆయన నడక గురించి చెప్పాల్సిన అబద్ధాలన్నీ అప్పటికే చెప్పేశారు.

“నేను వెనక్కి తిరగలేదండీ,” అంది.

“ఒక్కసారి కూడానా?”

“తిరిగితే మళ్ళీ పట్టుకోవాల్సి వస్తుందని తిరగలేదు.”

మాస్టారు కుడిచెయ్యి దుప్పటి మీంచి తీసి ఆవిడ కొంగు అందుకోబోయారు. అందలేదు. చెయ్యి మంచం చివర ఆగిపోయింది.

“తిరిగి చూడాల్సింది పిచ్చిదానా,” అన్నారు. “బాగా నడిచాను.”